ఎనిమిది అని రాసి ఉన్న బాక్సు

రాజోలు
ఫిబ్రవరి 3

ప్రియమైన ఆనందరావు మావయ్యకి,

దుర్గ నమస్కారాలు. కవరు మీద చేతిరాత చూసి ఎవరిదా అని అటూ ఇటూ తిప్పి ఉంటారు. మీ చెల్లెలి కూతుర్నే, వెంకటదుర్గని. మన రెండిళ్ళ మధ్యా మాటలు లేక ఆరేళ్ళయింది కదా, చేతిరాత కూడా మారిపోయింది. ఫోన్ చేద్దామంటే మీకు చెవులు పూర్తిగా పోయాయని అమ్మ చెప్పింది. మెసేజ్ పెడితే అది నాగమణి అత్తయ్య ఫోన్‌కే వెళుతుంది, ఆవిడ చదివి మీకు సైగలు చేయాలి, అందులో సగం దారిలోనే పోతుంది. పైగా నాకు కావలసింది బొమ్మ. అందుకే కాగితం తీశాను.

పెళ్ళి కబురనుకునేరు, కాదు. పగలు ఆక్వా ల్యాబ్‌లో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేస్తున్నాను. సాయంత్రాలు సతీష్ గారి ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తున్నాను. నవ్వకండి. ఏడాదిన్నరగా వాయిస్తున్నాను, వేళ్ళు కాయలు కాసిపోయాయి.

మార్చి పదిన మా ఊరి అమ్మవారి తీర్థం. హాల్లో అయితే నా ఒక్క బాక్సూ సరిపోతోంది. తీర్థంలో అంతా బయలు. ఒకపక్క రంగులరాట్నం, ఒకపక్క డప్పులు, పిల్లల చేతుల్లో బూరలు. సతీష్ గారు తేల్చి చెప్పేశారు. "నీ బేస్ ఆఖరి వరసకి వినబడాలమ్మా. వినబడితే ఆ కుర్చీ నీది. లేదంటే కీబోర్డాయన ఎడంచేత్తో కానిచ్చేస్తాడు, నువ్వు కోరస్ పాడుకుందువుగాని" అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. "బాక్సులు మాత్రం నువ్వు కలపకు. గంగబాబు గారి చెయ్యి పడితే ఏమవుద్దో ఊరంతా చూసేం కదండీ" అని నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నాన్న మీద ఆ నవ్వు ఆరేళ్ళుగా వింటున్నాను. ఇప్పుడది నా మీదకి కూడా వచ్చింది.

నాకు ఒళ్ళు మండింది మావయ్యా. ఆ కుర్చీ నేను వదలను, నా బాక్సులు నేనే కలుపుతాను.

నా దగ్గరున్నవి ఇవీ. యాంప్ ఒకటి, దాని వెనకాల 4 ఓమ్స్‌కి తగ్గకూడదని రాసి ఉంది. నా బాక్సు ఒకటి, 8 ఓమ్స్. మీరూ నాన్నా కలిసి మైక్ సెట్ నడిపిన రోజుల్లో నాన్న వాటాకి వచ్చిన రెండు పాత బాక్సులు మా కొట్టంలో ఉన్నాయి, వాటి మీదా 8 అనే ఉంది. మూడూ యాంప్‌కి ఎలా కలపాలో బొమ్మ గీసి పంపించండి. ముందు నాన్ననే అడిగాను. "ఆ బాక్సుల సంగతి మీ మావయ్యే చెప్పాలి, ఆయనకే రాయి" అన్నారు. అనేసి చెరువులో గాలి కొట్టే ఏరియేటర్ చప్పుడు తేడాగా ఉందంటూ చెరువు గట్టు మీదికి వెళ్ళిపోయారు.

మీ మేనకోడలు,
దుర్గ

*

కొత్తపేట
ఫిబ్రవరి 7

బంగారుతల్లి దుర్గకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు గౌన్లు వేసుకుని మా బాక్సుల మీద ఎక్కి కూర్చునేదానివి, దింపితే ఏడ్చేదానివి. ఇప్పుడు వాటినే మోగిస్తానంటున్నావు. అత్తయ్య నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. చదివి, వంటింట్లోకి వెళ్ళి కాసేపు బయటికి రాలేదు.

పని మాట రాస్తాను. మూడు కలపకూడదు. నీ యాంప్‌కి మూడు ఎనిమిదులు ఎంతమాత్రం పనికిరావు. బాక్సులు పెరిగితే ఓమ్స్ కూడా పెరుగుతాయని అందరూ అనుకుంటారు, అక్కడే బోల్తా పడతారు. ఒకే మోటారు తోడి పోసే బోదెకి, అదే పంటకాలవకి, ఒక తూము తెరిచావనుకో, మోటారు తాపీగా తిరుగుతుంది. రెండు తెరిస్తే నీళ్ళు ఎక్కువ పోతాయి, మోటారు కష్టపడుతుంది. మూడోది తెరిస్తే కాయిల్ మాడుతుంది. ప్రతి బాక్సూ ఒక తూము. ఒక ఎనిమిది పెడితే ఎనిమిది. రెండు ఎనిమిదులు పక్కపక్కన కలిపితే నాలుగు. మూడు కలిపితే రెండున్నర చిల్లర. నాలుగుకి తగ్గొద్దని ఆ యాంప్ చేసినవాడే రాశాడంటే వాడికి నీకంటే తెలుసు.

రెండు చాలు. రెండూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టు, పైది మనుషుల ఛాతీ ఎత్తుకి రావాలి. వెనకాల తడికో గోడో ఉండేలా చూసుకో. గిటార్‌కి వాడే సన్నతీగని బాక్సుకి పెట్టకు, అది వేడెక్కి కరుగుతుంది. స్పీకర్ కేబుల్ వేరే ఉంటుంది, లావుది. యాంప్ ఆపకుండా జాక్ పెట్టొద్దు, పీకొద్దు. బొమ్మ వెనకవైపు గీశాను, దాన్ని యాంప్ పెట్టె మూత లోపల అంటించుకో.

ఇక కొట్టంలో ఉన్నవాటి జోలికి మటుకు వెళ్ళకు. మన గోదావరి తేమకి ఈపాటికి చెక్క ఉబ్బిపోయి ఉంటుంది. ఎవరినైనా అడిగి ఇంకో కొత్త బాక్సు తెచ్చుకో. ఆరేళ్ళ కిందట మీ ఊరి తీర్థంలో మీ నాన్న స్టేజీ మీదున్న మూడూ కలిపేశాడు, నా యాంప్ పొగలు కక్కింది. ఊరంతా చూసింది. ఆ బాక్సుల్ని మళ్ళీ అదే స్టేజీ ఎక్కించడం నాకు బాగా లేదు.

ఆశీస్సులతో,
ఆనందరావు మావయ్య

*

రాజోలు
ఫిబ్రవరి 10

ప్రియమైన మావయ్యకి,

మీ బొమ్మ మూత లోపల అంటించేశాను. తూముల లెక్క ల్యాబ్‌లో అందరికీ చెప్పాను, మా సత్యప్రియ మేడమ్ గారు కాలేజీలో కూడా ఇంత బాగా అర్థం కాలేదన్నారు. సరే, మూడు కలపను, రెండే కలుపుతాను.

కానీ ఆ రెండోది కొట్టంలోదే. మీరు వద్దన్నారని తెలుసు, తేమ పట్టిందన్నారు. నిన్న రెంటినీ బయటికి లాగాను. చెక్క ఎక్కడా ఉబ్బలేదు, మావయ్యా. నాన్న వాటి కింద ఇటుకలు పెట్టి, పైన టార్పాలిన్ కప్పి పెట్టారు, మా బీరువా కూడా అంత భద్రంగా లేదు. యాంప్‌కి ఒక్కొక్కటే పెట్టి వాయించి చూశాను. రెండూ శుభ్రంగా మోగుతున్నాయి. అందులో ఒకటి, మూలన తెల్లరంగు చుక్క ఉన్నది, రెండోదానికంటే గట్టిగా మోగుతోంది. అదే తీసుకుంటున్నాను. నాకు కావలసింది గట్టిగా మోగడమే కదా.

ఇంకొకటి. "మూడూ కలిపేశాడు" అని రాశారు. నాన్న రెండే కలిపేనంటారు. అప్పుడూ అదే అన్నారు, ఇప్పుడూ అదే అంటారు. మీరు అప్పుడు భోజనానికి వెళ్ళారని కూడా నాకు తెలుసు. దీని గురించి మీతో గొడవ పెట్టుకోవడానికి ఉత్తరం రాయలేదు. రాసేశాను కాబట్టి కొట్టివేయను.

ఎల్లుండి రిహార్సల్లో రెండూ కలిపి చూస్తాను.

మీ,
దుర్గ

*

కొత్తపేట
ఫిబ్రవరి 12, పొద్దున్న

దుర్గా,

ఈ కాగితం పోస్టులో వేయకుండా రాజోలు వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మీ ల్యాబ్ ముందు నుంచే వెళతాడు, ఇచ్చి పొమ్మన్నాను.

ఈరోజు రిహార్సల్లో కలపకు. ఎంత తొందరున్నా కలపకు. ముందు మూడు బాక్సులకీ మీటర్ పెట్టు. యాంప్ తీగ పూర్తిగా విప్పేసి, మీటర్ ఓమ్స్ మీద ఉంచి, దాని రెండు పుల్లలూ బాక్సు రెండు కొసలకీ ఆనించు. ఆ పుల్లల ఇనప భాగం వేళ్ళతో పట్టుకోకు. వచ్చిన అంకె చుక్క తర్వాతది కూడా వదలకుండా రాయి. తెల్లచుక్క బాక్సుది తప్పకుండా రాయి. అంకెలు నాకు చేరేదాకా నీ ఒక్క బాక్సుతోనే వాయించుకో.

మావయ్య

*

రాజోలు
ఫిబ్రవరి 13

మావయ్యా,

నమస్కారాలు. బస్సు డ్రైవరు గారు హారన్ కొట్టి మరీ ఇచ్చారు, ల్యాబ్‌లో అందరూ నాకేదో ప్రేమలేఖ వచ్చిందనుకున్నారు. మీ మాట విని కలపలేదు, నా ఒక్క బాక్సుతోనే కానిచ్చాను. సతీష్ గారు మొహం చిట్లించారు.

కొలతలు: నాది 8. కొట్టంలో మొదటిది 8. తెల్లచుక్కది 8. చుక్క తర్వాత ఏమీ లేదు.

ఇప్పుడు కలపనా?

దుర్గ

*

కొత్తపేట
ఫిబ్రవరి 15

అబద్ధాలాడే మేనకోడలికి,

నువ్వు మీటర్ పెట్టలేదు. వెనకాల అంటించిన కాగితం చూసి రాశావు. నేను ఇక్కడ కొత్తపేటలో కూర్చుని ఎలా కనిపెట్టానా అని ఆశ్చర్యపోకు. ఎనిమిది ఓమ్స్ బాక్సు ఏదీ మీటర్‌కి ఎనిమిది చూపించదు. లోపలున్న కాయిల్ ఒట్టి రాగి తీగ చుట్ట, అది పాట మోసేటప్పుడు ఒకలా ఉంటుంది, ఊరికే ఉన్నప్పుడు ఇంకోలా ఉంటుంది. మంచి ఎనిమిదికి మీటర్‌లో ఐదున్నర నుంచి ఏడు లోపల వస్తుంది. మూడు బాక్సులకి మూడు ఎనిమిదులు వచ్చాయంటే ఆ మీటర్ పెట్టెలోంచి బయటికే రాలేదు.

చెరువు నీళ్ళు కూడా ఇలాగే చూస్తావా? సీసా మీద రైతు రాసుకొచ్చిన చీటీ చదివి ఉప్పు ఇంతని చెప్పేస్తావా? అలా చెబితే ఎన్ని రొయ్యలు చస్తాయో నీకు బాగా తెలుసు.

నేనూ ఈ పనిలో ముప్ఫై ఏళ్ళున్నాను. చెవులు పోగొట్టుకున్నాను గానీ పని నేర్చుకున్నాను. రాసి ఉన్నదాన్ని నమ్మొద్దు. మీటర్ ఇప్పుడు తీయి. తెల్లచుక్కదానికి రెండుసార్లు పెట్టు.

మావయ్య

*

రాజోలు
ఫిబ్రవరి 17

మావయ్య గారికి,

నేను అబద్ధమాడాను. ల్యాబ్‌లో పని ఎక్కువై, లేబుల్ చూసి రాసేశాను. సిగ్గుగా ఉంది. మీరన్న మాటకి ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఈరోజు కొలిచాను. నాది 6.2. కొట్టంలో మొదటిది 6.0. తెల్లచుక్కది 3.3. నమ్మక మీటర్‌కి కొత్త బ్యాటరీ వేసి మళ్ళీ పెట్టాను. 3.3. ల్యాబ్ నుంచి ఇంకో మీటర్ తెచ్చి పెట్టాను. 3.3.

మీరు చెప్పిన లెక్కనే వేశాను. ఎనిమిదికి ఆరు చూపిస్తే, మూడు చిల్లర చూపించేది నాలుగు. అందుకే కదా గట్టిగా మోగింది? యాంప్ నుంచి ఎక్కువ లాక్కుంటోంది. దాన్ని నా బాక్సుతో కలిపి ఉంటే రెండున్నర చిల్లరకి దిగిపోయేది, నా యాంప్ కాలిపోయేది. తీర్థంలో అందరి ముందూ కాలిపోయేది. ఇక జన్మలో ఎవరూ నన్ను ఆ కుర్చీలో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. గంగబాబు కూతురు కదా మరి అనేవాళ్ళు.

ఆ తర్వాత ఆరేళ్ళ కిందటి తీర్థం గుర్తొచ్చింది. నాన్న దగ్గరికి చెరువు గట్టు మీదికి వెళ్ళి అడిగాను, ఆ రోజు ఏ రెండు కలిపారని. "నా రెండే కలిపేనమ్మా. మూడోది మీ మావయ్యది, దాని తీగ చుట్టలోంచి విప్పనే లేదు" అన్నారు. నాన్నవి రెండు. ఒకటి ఎనిమిది, ఒకటి నాలుగు. వెనకాల మాత్రం రెంటికీ ఎనిమిది అనే రాసి ఉంది.

నాన్న రెండే కలిపారు మావయ్యా. రెండు ఎనిమిదులే అనుకుని కలిపారు.

మీరు మొదటి నుంచీ ఆ బాక్సు వద్దన్నారు. తేమ అన్నారు. తర్వాత మీటర్ అన్నారు, తెల్లచుక్కదానికి రెండుసార్లు పెట్టమన్నారు. మిగతావాటికి ఒకసారే చాలా? రిపేర్లన్నీ మీరే చూసుకునేవారని అమ్మ అంది. ఆ బాక్సులో నాలుగు ఓమ్స్ కాయిల్ ఎవరు వేయించారు? సూటిగా అడుగుతున్నాను, సూటిగా రాయండి.

దుర్గ

*

కొత్తపేట
మార్చి 1

దుర్గకి,

పన్నెండు రోజులు పట్టింది ఈ కాగితం మొదలుపెట్టడానికి. నాలుగు చింపేశాను.

నేనే వేయించాను.

ఆ తీర్థానికి రెండు రోజుల ముందు బావ బాక్సుల్లో ఒకదాని కాయిల్ కాలిపోయింది. అమలాపురంలో ఒకతని దగ్గరికి తీసుకెళ్ళాను. ఎనిమిది కాయిల్ లేదండీ, నాలుగుదైతే ఉంది అన్నాడు. మోగితే చాలు, వేసెయ్యవయ్యా అన్నాను. వెనకాల కాగితం మార్చాలనుకున్నాను, బావకి చెప్పాలనుకున్నాను. షామియానాలు, జనరేటరు, లైట్లు, ఆ హడావుడిలో రెండూ మర్చిపోయాను. తీర్థం రోజు భోజనానికి వెళ్ళి వచ్చేసరికి యాంప్‌లోంచి పొగ వస్తోంది. మూడు బాక్సులు నిలబడి ఉన్నాయి, అప్పటికే ఎవరో తీగలు పీకేశారు. నేను బావ చొక్కా కాలర్ పట్టుకున్నాను. "మూడూ కలిపేసేవు కదా, తెలీని పనిలో వేలు పెట్టొద్దన్నానా" అని అరిచాను. ఊరంతా అక్కడే ఉంది. "రెండే కలిపేను బావా" అన్నాడు. నేను వినలేదు. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి.

ఇంతవరకూ మరుపు, తొందరపాటు. తర్వాతది వేరు. మూడో రోజున అమలాపురం బస్టాండులో ఆ కాయిల్ వేసినతను ఎదురుపడ్డాడు. "ఆ నాలుగుది బాగా మోగుతోందాండీ" అని అడిగాడు. అప్పుడే తెలిసింది నాకు, తప్పు బావది కాదని. ఒక పక్క రాజోలు బస్సు ఉంది, ఒక పక్క కొత్తపేట బస్సు ఉంది. నేను రాజోలు బస్సెక్కాల్సింది. కొత్తపేట బస్సెక్కాను.

నెలాగి చెబుదామనుకున్నాను. నెలయ్యాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పను అనిపించింది. ఆనందరావు మైక్ సెట్ అంటే ముప్ఫై ఏళ్ళలో ఒక్క తప్పు లేదని పేరు. ఆ పేరు నాకు ముద్దొచ్చింది, బావ పేరు ఏమైపోతోందో పట్టలేదు. బావ ఆ పనే మానేసి చెరువుల కాపలాకి పోయాడు. చెల్లెలు ఫోన్ చేయడం మానేసింది. ఏడాదికి నాకూ అలవాటైపోయింది. చెవులు పోతుంటే కొంచెం హాయిగా కూడా అనిపించింది, ఎవరైనా ఆ సంగతి ఎత్తినా వినబడదు కదా అని. ఎంత నీచమైన ఆలోచనో చూడు.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు కూడా తప్పించుకుందామనే చూశాను. నిన్ను ఆ బాక్సు దగ్గరికి పోకుండా చేస్తే నీ యాంప్ బతుకుతుంది, నా తప్పు కొట్టంలోనే ఉండిపోతుంది అనుకున్నాను. నువ్వేమో గట్టిగా మోగుతోందని ఏరికోరి దాన్నే పట్టుకున్నావు. ఇక మీటర్ పెట్టమనక తప్పలేదు. నువ్వు ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది అని రాసిన రోజున ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఊరుకుందామా అనిపించింది. అదీ నీకు తెలియాలి.

ఈ ఉత్తరం తీసుకెళ్ళి సతీష్‌కి చదివి వినిపించు. మీ నాన్నకి కూడా ఇవ్వు. కింద సంతకం పెట్టాను.

ఎన్. ఆనందరావు

*

రాజోలు
మార్చి 4

మావయ్యకి,

మీ ఉత్తరం చదివాను. మడిచి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. సతీష్ గారికి చదివి వినిపించను. నాన్నకీ ఇవ్వను.

కోపం వచ్చిందా? నాకు అంతకంటే ఎక్కువ వచ్చింది. రెండు రోజులు గిటార్ ముట్టుకోలేదు. ఆరేళ్ళుగా ఏ పెళ్ళికి వెళ్ళినా, మైకు కీచుమంటే చాలు, అందరూ నాన్న వైపు చూసేవారు. నాన్న కూడా నవ్వేసేవారు. ఆ నవ్వు నేను చూశాను, మీరు చూడలేదు.

మీరు కాలర్ పట్టుకున్నది ఊరందరి ముందు. ఆ మాట అన్నది మీ నోటితో. దాన్ని నా చేత చదివించి తీసేయడం కుదరదు. కాగితం పంపించి మీరు కొత్తపేటలో కూర్చుంటే నేను ఒప్పుకోను.

తీర్థం ఆదివారం. మధ్యాహ్నం మూడు గంటలకి సౌండ్ చెక్. ఊరు ఊరంతా అప్పటికే అక్కడుంటుంది, అదీ మీకు తెలుసు. నాన్న కూడా వస్తారు, నేను కలపడం చూడ్డానికి. మీరు వచ్చినా రాకపోయినా నా బాక్సులు నేనే కలుపుతాను. 6.2 ఒకటి, 6.0 ఒకటి. అంతకు మించి ఒక్క జాక్ కూడా పెట్టను, సతీష్ గారు ఏమన్నా సరే. కుర్చీ పోతే పోవాలి గానీ యాంప్ కాల్చి నిలబెట్టుకునే కుర్చీ నాకొద్దు.

మీరు నేర్పిన పని నాకు వచ్చింది. దానికి మాత్రం మీకు దణ్ణం.

దుర్గ

*

కొత్తపేట
మార్చి 11

తల్లీ దుర్గా,

నిన్న నీతో ఒక్క మాటా మాట్లాడకుండానే బస్సెక్కేశాను. మాట్లాడినా నీ జవాబు నాకు వినబడదు కదా. అందుకే ఇది.

నేను వచ్చేసరికే స్టేజీ మీద నువ్వూ సతీషూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. అతను నా పాత బాక్సులాంటిదే ఇంకోటి ఎక్కడి నుంచో తెప్పించి, దాని వైపు చెయ్యి చూపిస్తున్నాడు. నువ్వు అడ్డంగా తల ఊపుతున్నావు, వేలితో యాంప్ వెనకాల రాసి ఉన్నది చూపిస్తున్నావు. ఒక్క మాట వినబడకపోయినా అంతా అర్థమైంది. అతను మైకు పట్టుకుని ఏదో అన్నాడు, జనం నవ్వారు. ఏమని ఉంటాడో నాకు తెలుసు. ఆ నవ్వు నేను మొదటిసారి చూశాను. మీ నాన్న కొబ్బరిచెట్టు కింద నిలబడి, తనూ నవ్వుతున్నాడు.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని స్టేజీ ఎక్కాను. నా గొంతు నాకే వినబడదు, మైకులో ఎంత అరిచానో ఏమో, ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకోవడం చూసి కాస్త తగ్గించాను. కాయిల్ మార్పించింది నేనే అన్నాను. బావ కలిపింది రెండే అన్నాను. మూడో రోజునే నాకు తెలిసిందని కూడా చెప్పాను. ఆ మాట మింగేద్దామని దారి పొడుగునా అనుకున్నాను, మింగలేదు. జనం నోళ్ళు కదలడం ఆగిపోయింది. నాలాంటి చెవిటివాడికి కూడా నిశ్శబ్దం తెలుస్తుంది.

బావ జనంలోంచి నడిచి వచ్చి స్టేజీ కింద నిలబడ్డాడు. తల పైకెత్తి నాతో ఏదో అన్నాడు. ఒక మాట కాదు, కొంచెం పెద్దదే. కోపంగా ఉన్నట్టు లేదు, ప్రేమగానూ లేదు. నేను చెవి మీద చెయ్యి పెట్టి వినబడలేదన్నాను. అతను మళ్ళీ అనలేదు. నీ వైపు తిరిగి కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. నువ్వు రెండు జాకులూ పెట్టావు, అందరికీ కనబడేలా ఒకటి తర్వాత ఒకటి పెట్టావు. మొదటి తీగ మీటగానే చెక్కబల్ల నా అరికాళ్ళ కింద కదిలింది. చేతులెత్తి దణ్ణం పెట్టి దిగి వచ్చేశాను. నా వల్ల పోయిన రోజు చాలు, నీ రోజున అక్కడ నిలబడకూడదనుకున్నాను.

బస్సులో అత్తయ్యని అడిగాను, బావ ఏమన్నాడని. ఏడుస్తూనే ఉంది. ఇంటికొచ్చి పలక మీద రాసి అడిగాను. "అది నేను చెప్పేది కాదు" అని రాసింది.

నువ్వు పక్కనే ఉన్నావు, విన్నావు. బావ ఏమన్నాడో రాయి. తిట్టయినా సరే. మెత్తగా మార్చి రాయకు, ఉన్నదున్నట్టు రాయి.

ఎదురుచూస్తూ,
మావయ్య

*

రాజోలు
మార్చి 14

ప్రియమైన మావయ్యకి,

ముందు నా కబురు. కుర్చీ నాది. ఆఖరి వరస దాటి, జీళ్ళ కొట్టు దగ్గర నిలబడినవాళ్ళకి కూడా బేస్ వినబడిందట. ఆ కొట్టావిడ పళ్ళెంలో గరిటె దానంతటదే జరిగిందని ఊరంతా చెప్పుకుంటోంది, అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే అనుకోండి. రెండు గంటలు వాయించాను, యాంప్ చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే. అయిపోయాక సతీష్ గారు నాన్న దగ్గరికి వెళ్ళి, "తప్పయిపోయిందండీ గంగబాబు గారూ, ఇన్నాళ్ళూ ఏదో సరదాకి అనేసేం" అన్నారు. నాన్న "ఆయ్, పర్లేదండీ" అన్నారు. నాకైతే పర్లేదని అనిపించలేదు, అదే చెప్పాను. వచ్చే నెల కొత్తపేట మండలంలో రెండు ప్రోగ్రాములున్నాయి, బాక్సులు కలిపే పని మొత్తం నాకే ఇచ్చారు.

ఇప్పుడు మీరడిగింది. నాన్న అన్నది ఇదీ:

"ఆ బాక్సుకి నేను మర్నాడే మీటర్ పెట్టేను బావా. నువ్వొచ్చి చెబుతావని చూసేను."

ఒక్క మాట కూడా మార్చలేదు. నాకు కూడా అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చాక నాన్నని నిలదీశాను. ఆరేళ్ళు ఊరంతా నవ్వుతుంటే ఎలా ఊరుకున్నారు, ఒక్కసారి ఆ మీటర్ తీసి చూపిస్తే పోయేది కదా అన్నాను. అరిచాను కూడా. నాన్న కాళ్ళు కడుక్కుంటూ నెమ్మదిగా చెప్పారు. "నేను చెబితే మీ మావయ్య దొంగవుతాడమ్మా. ఆయనే వచ్చి చెబితే మర్చిపోయేడంటారు. అందుకని చూసేను. ఇన్నేళ్ళు పడుద్దనుకోలేదు."

ఆదివారం పొద్దున్న బస్సుకి నాన్న మీ ఇంటికి వస్తున్నారు. పదకొండు దాటేసరికి అక్కడుంటారు. ఎక్కడికీ వెళ్ళకండి మావయ్యా, ఇంట్లోనే ఉండండి.

మీ దుర్గ